కుడి ఫోర్కు మీది నల్లదారం

ఈ ప్రయాణం గురించి రాయాలా వద్దా అని కొన్నాళ్లు ఆలోచించాను. చివరికి రాయక తప్పదని నిశ్చయించుకోవడానికి రెండు కారణాలున్నాయి. మోటారు సైకిలు ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే గొట్టాలనూ, వాటి లోపలి స్ప్రింగులనూ, నూనెనూ కలిపి ఫోర్కు అంటాము. మన ప్రాంతంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంజను ఆగిపోతే బండిని ఎండలో నెట్టుకుంటూనైనా మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతారు. ఫోర్కు చెడిపోతే మాత్రం రోడ్డును తిట్టి ఊరుకుంటారు. పైగా భక్తితో చేసే ఒక పని ఆ ఫోర్కును లోలోపల ఎలా తినేస్తుందో నారాయణఖేడ్‌లో కళ్లారా చూశాను. అది నలుగురికీ తెలియాలి. ఇది మొదటి కారణం.

రెండోది చెప్పడం కష్టం. తప్పు బండిదా, బండి నడిపే మనిషిదా అని తేల్చవలసిన పని నా మీద పడింది. ఆ పరీక్షను నేను క్రమం తప్పకుండా చేశాను. చేసిన నాటి నుంచి మనసు కుదుటపడలేదు. ఇదే పని రేపు మీద పడబోయేవారు నాకంటే మెరుగ్గా నడుచుకోవడానికి ఈ రాత ఉపయోగపడితే సంతోషిస్తాను.

మోటారు వాహనాల మరమ్మతు నేర్పే ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థలో నేను బోధకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. నివాసం సంగారెడ్డి. మా అక్క సత్తెమ్మను కల్హేర్‌లో ఇచ్చారు. బావ సాయిలు రైతు. ఆయన పొలం ఊరికి దూరంగా, ఆటోలు పోని బాట చివర ఉంటుంది. ఆ పొలానికీ ఇంటికీ మధ్య బావను తిప్పేది ఆయన పాత మోటారు సైకిలే. ఈ వేసవిలో ఆ బండి ఎడమవైపుకు లాగడం మొదలుపెట్టింది. ఒకసారి కాలువ గట్టు దిగిపోయింది. మరోసారి పాల క్యాన్లతో ఎదురు వస్తున్న మనిషిని తాకబోయి తప్పింది. కొడుకు శ్రీశైలం తాళంచెవి దాచేశాడు. అతడు రోజూ తెల్లవారే నారాయణఖేడ్‌లోని ఎరువుల దుకాణానికి పనికి వెళ్తాడు. తండ్రిని పొలానికి దింపే తీరిక అతనికి లేదు. బావ బండి నడపలేకపోతే ఈ వానలకు ముందే పొలం కౌలుకు ఇచ్చేయాలని అతని ఆలోచన.

బావ నాకు ఫోను చేసి ఒకటే మాట అన్నాడు. "బండి ఖరాబున్నది బామ్మర్ది, నేను గాదు. నువ్వొచ్చి సూడు. నువ్వేమంటే గదే."

శ్రీశైలం కూడా ఆ షరతుకు ఒప్పుకున్నాడు.

మే నెల చివర, ఉదయం ఆరు గంటల వేళ సంగారెడ్డి బస్టాండులో నారాయణఖేడ్ పల్లెవెలుగు ఎక్కాను. చేతిసంచిలో ఒక జత బట్టలు, మంచినీళ్ల సీసా, నూనె కొలిచేందుకు గీతలున్న నా సొంత గాజు గ్లాసు ఉన్నాయి. ఛార్జీలు మారుతూ ఉంటాయి కనుక ఇక్కడ వేయడం లేదు. చిల్లర దగ్గర పెట్టుకుంటే కండక్టరుతో వాదన తప్పుతుంది. కిటికీ పక్కన సీటు కావలసినవారు బస్సు వచ్చి ఆగేవరకు కూర్చోకుండా ముందే నిలబడి ఉండాలి. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆధారు కార్డులు చూపించి, ఛార్జీ లేని జీరో టికెట్లు తీసుకుంటున్నారు.

జోగిపేటలో ఒక ముసలామె పచ్చడి మామిడికాయల సంచితో ఎక్కి నా పక్కన కూర్చుంది. సంచిలో సగం తన ఒళ్లో, సగం నా ఒళ్లో సర్దుకుంది.

"ఏడికి సారూ?"

"నారాయణఖేడ్."

"దవాఖానకా?"

"కాదమ్మా. మా బావ మోటారు సైకిలు బాగాలేదు. చూసి రావాలి."

"బండి సూడనీకి బస్సుల పోతుండ్రా!" అని ఆమె ముందు సీటులోని ఆమె భుజం తట్టింది. "ఇన్నవానే? గీ సారుకు బండి లేదట. మంది బండ్లు బాగు జేస్తడట."

ఇద్దరూ నవ్వారు. నాకు బండి ఉన్నదనీ, దూర ప్రయాణాలకు ఈ వయసులో బస్సే క్షేమమని ఎంచుకున్నాననీ చెప్పబోయి మానుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, వయసును బట్టి బండి మానుకోవడం నాకు ఎంత తేలికైన విషయమో అప్పుడే తెలిసి ఉండవలసింది. నాకు పొలం లేదు.

నిజాంపేట దగ్గర బస్సు పెద్ద రోడ్డు వదిలి ఎడమకు తిరిగింది. రెండు పక్కలా దున్ని వదిలేసిన నల్లరేగడి చేలు వాన కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. తొమ్మిది కాకముందే నారాయణఖేడ్‌లో దిగాను. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీలో కారం ఎక్కువ. నీళ్లు మన సీసావే తాగడం మేలు.

డిపో దాటాక ఒక సందులో నర్సింలు మెకానిక్కు షెడ్డు ఉంది. అతడు మా సంస్థలో చదువుకున్నవాడే. ఇప్పుడు తల నెరిసింది. నన్ను చూసి చేతులు గుడ్డకు తుడుచుకుని లేచాడు.

"రాండ్రి సారూ. పానాలన్నీ సైజుల వారీగ పెట్టిన. మీరొస్తున్నరని రాత్రి నిద్ర పట్టలే."

"నా కోసం కాదు, నీ కోసం పెట్టుకోవాలి," అన్నాను.

"గదే మాట! పాతికేండ్లాయె, ఒక్క అక్షరం మారలే," అని టీ చెప్పాడు.

కాసేపటికి శ్రీశైలం ఆ బండి మీదే వచ్చాడు. వెనక తలకు తెల్ల కండువా చుట్టుకుని బావ. దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఏం బామ్మర్ది, సర్కారు పింఛను మంచిగనే ఒంటికి పడుతున్నది! బొజ్జ నీకన్న ముందొచ్చి నిలవడ్డది."

"బండి సంగతి ముందు చూద్దాం బావా. బొజ్జ ఎక్కడికీ పోదు."

టీ గ్లాసును బావ కుడిచేత్తో అందుకున్నాడు. జారుతున్న కండువా కొసను సర్దుకోవడానికి గ్లాసును నేల మీద పెట్టి, మళ్లీ కుడిచేతినే వాడాడు. అది నా కళ్ల ముందే జరిగింది. ఆ ఉదయం నేను బండిని తప్ప దేన్నీ పరిశీలించడానికి రాలేదు కనుక పట్టించుకోలేదు. శ్రీశైలం, సాయంత్రం ఇంటి దగ్గర కలుస్తానని చెప్పి దుకాణానికి వెళ్లిపోయాడు.

ఫోర్కును విప్పకుండానే చేసే పరీక్ష ఒకటుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని హ్యాండిలును కిందికి నొక్కి వదలాలి. ఆరోగ్యంగా ఉన్న ఫోర్కు నెమ్మదిగా దిగి, నెమ్మదిగా లేచి, అక్కడితో ఆగుతుంది. బావ బండి టక్కుమని దిగి, స్ప్రింగు మంచంలా రెండు మూడుసార్లు ఊగింది. వంగి చూస్తే కుడి గొట్టం అడుగంతా జిడ్డు. ఆ జిడ్డు మీద బొటనవేలంత మందాన ఏదో నల్లటి పట్టీ.

నర్సింలు దాన్ని గోటితో గీకి చూశాడు. "ఏంది పెద్దమనిషీ, గీ బండికి మొక్కిండ్రా, ఉరేసిండ్రా?"

"బోరంచ పోచమ్మ దారం. మీ అక్క కట్టింది," అని బావ నా వైపు చూశాడు, ఆ నేరంలో నాకూ భాగం ఉన్నట్టు.

విషయం ఇది. ఈ చుట్టుపక్కల కొత్త బండి కొంటే బోరంచ నల్లపోచమ్మ గుడికి తీసుకుపోతారు. ఫోర్కు గొట్టాలకు పసుపు, కుంకుమ పూసి, దిష్టి తగలకుండా నల్లదారం కడతారు. తళతళ మెరిసే గొట్టం కంటికి ముందుగా కనబడుతుంది కాబట్టి దారానికి అదే తగిన చోటు అనుకుంటారు. కుడిపక్క శుభమని కుడి గొట్టానికే కడతారు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లినప్పుడు పాత దారం తెంపరు, అశుభమని. దాని మీదే మరొకటి. ఫోర్కు లేచి దిగుతుంటే ఆ దారాలన్నీ జారి జారి, గొట్టం కిందిభాగంలోకి దిగే చోట చేరతాయి. సరిగ్గా అక్కడే లోపలి నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు ఉంటుంది. దారం పసుపునూ రేగడి దుమ్మునూ పీల్చుకుని గరుకు కాగితంలా తయారవుతుంది. ప్రతి గుంతకూ గొట్టాన్ని ఒరుస్తుంది, సీలును కోస్తుంది. నూనె కారిపోతుంది. ఈ రెండు గొట్టాలనే ఫోర్కు కాళ్లంటాము; ఒక కాలులో నూనె ఉండి, మరో కాలులో లేకపోతే ముందు చక్రం సమంగా నిలవదు.

అమ్మవారి మీద నాకు భక్తి ఉంది. దారం కట్టవద్దని అనడం లేదు. అద్దం కాడకు కట్టండి, హ్యాండిలుకు కట్టండి. ఫోర్కు గొట్టాన్ని మాత్రం శుభ్రమైన మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి.

"దొరికింది గద!" అన్నాడు బావ. ఆయన ముఖం ఒక్కసారిగా విప్పారింది. "జెప్పలే? నేను జెప్పలే? బండే ఖరాబున్నది అని మొత్తుకుంట, మొత్తుకుంట... పొల్లగాడు ఇంటడా!"

నాకూ అంతే సంతోషం కలిగింది. దాన్ని దాచుకోను.

పని క్రమం ఇక్కడ చెప్తాను. బండిని నడి స్టాండు మీద నిలిపి, ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి ముందుభాగం లేపాము. చక్రం తీశాము. ఫోర్కు కాలు హ్యాండిలు కింది బిగింపు పట్టీల్లో ఉండగానే పైమూతను కొంచెం వదులు చేసుకోవాలి. కాలు బయటికి తీశాక ఆ మూత కదలదు. పూర్తిగా విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోవాలి, లోపలి స్ప్రింగు మూతను ఎగదన్నుతుంది. నర్సింలు రెండు కాళ్లలోని పాత నూనెను విడివిడిగా వంపాడు. ఎడమకాలి నూనె నా గ్లాసులో సగానికి పైగా వచ్చింది. కుడికాలిది అడుగును తడిపింది, అంతే. అది కూడా తారులా ఉంది.

పాత సీలు పెరికేటప్పుడు అంచు మీద మడతపెట్టిన గుడ్డ వేయాలి, లేకపోతే స్క్రూడ్రైవరు అంచును గీరుతుంది. గొట్టం మీద దారం నిలిచిన చోట ఉంగరంలా తుప్పు మచ్చ ఉంది. దాన్ని అతి సన్నని గరుకు కాగితంతో, నూనె తడి చేసి, గోరుకు తగలనంత నున్నగా చేశాము. అలా నున్నబడకపోతే గొట్టమే మార్చాలి. అదృష్టవశాత్తు నున్నబడింది. కొత్త సీలును ఒక పక్క నుంచి సుత్తితో కొట్టకూడదు. అదే చుట్టుకొలత ఉన్న గొట్టం ముక్క ఆనించి, సమంగా దింపాలి. తరవాత రెండు కాళ్లలో కంపెనీ చెప్పినంత కొత్త నూనె, నా గ్లాసుతో కొలిచి, సమానంగా పోశాము.

"కంటి అందాజుతోని పోస్త సారూ, ఎన్నడు తప్పలే," అన్నాడు నర్సింలు.

"తప్పలేదని నీకు ఎవరు చెప్పారు? కొలిచి చూశావా?"

అతడు బావ వైపు తిరిగాడు. "గిట్లనే రెండేండ్లు సంపిండు మమ్ముల."

"నన్ను యాభై ఏండ్ల సంది సంపుతుండు," అన్నాడు బావ. "లగ్గంల నా బాసింగం వంకరున్నదని మంది ముంగట సరిజేసిండు గీయన."

చివరగా ఒక సంగతి. చక్రం బిగించాక ఇరుసు నట్టును వెంటనే గట్టిగా బిగించేయరాదు. బండిని నేల మీదికి దింపి, ముందు బ్రేకు పట్టి, ఫోర్కును నాలుగైదుసార్లు నొక్కితే రెండు కాళ్లూ తమంత తాము సరిగ్గా కుదురుకుంటాయి. అప్పుడు బిగించాలి. మెడ దగ్గరి బేరింగులు కూడా చూశాము, బాగానే ఉన్నాయి. నొక్కి వదిలితే ఫోర్కు ఈసారి నెమ్మదిగా దిగి, నెమ్మదిగా లేచి, నిలిచింది.

భోజనం అయ్యేసరికి రెండు దాటింది. అక్క ఫోను చేసింది. దారాలు తెంపామని విని కంగారుపడింది. వాటిని మోరీలో పడేయవద్దని, అమ్మవారి దగ్గరే పెట్టి రావాలని గట్టిగా చెప్పింది. బావ ఆ జిడ్డు చుట్టను కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. ఎలాగూ రోడ్డు మీద పరీక్ష చేయాలి కనుక బోరంచకే బయలుదేరాము.

వెళ్లేటప్పుడు నేను నడిపాను, బావ వెనక కూర్చున్నాడు. నున్నటి తారు మీద, అతుకుల మీద, మోరీ వంతెనల మీద, వేగం మార్చి మార్చి చూశాను. చేతులు కాస్త వదులు చేసినా బండి గీత గీసినట్టు పోయింది. గుడి దగ్గర ఆ రోజు జనం లేరు. బావ టెంకాయ కొట్టి, దారాల పొట్లాన్ని వేపచెట్టు మొదట్లో పెట్టి, చాలాసేపు నిలబడ్డాడు. ఆయన మాటలు నాకు వినబడ్డాయి.

"తల్లీ, బండి మంచిగైంది. ఇగ మిగిలింది నువ్వే సూస్కో."

ఆ మాటకు అర్థం అప్పుడు నాకు తట్టలేదు.

బయటికి వచ్చి చెయ్యి చాచాడు. తాళంచెవి ఇచ్చాను. వాహనాన్ని మామూలుగా నడిపే మనిషి నడుపుతుండగా చూడనిదే పరీక్ష పూర్తి కాదని నేను పిల్లలకు చెప్పినవాణ్ణి. ఎక్కి వెనక కూర్చున్నాను. బావ ముఖం నాకు కనబడదు, కానీ మెడ నిక్కించిన తీరులోనే ఆయన హుషారు తెలుస్తోంది. "గాలి లెక్క పోతున్నది బామ్మర్ది!" అని అరిచాడు.

ఊరు దాటాక ఒక మోరీ వచ్చింది. దాని అంచున చిన్న గుంత. చక్రం అందులో దిగి లేచింది. ఫోర్కు తన పని తాను చేసింది. హ్యాండిలు మాత్రం ఎడమకు తిరిగింది. బండి తారు దిగి, కంకర మీదుగా ఒక గొర్రెల మందలోకి దూసుకుపోయి, ఎలాగో ఆగింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు.

గొర్రెల కాపరి కర్ర ఎత్తుకుని వచ్చాడు. "ఓ పెద్దమనిషీ! తోవ గాడున్నది. గొర్లకెళ్లి ఏడికి పోతున్నవు? తాగినవా ఏంది?"

"తాగలే బిడ్డా. బండి..." అని బావ ఆగిపోయాడు.

నేను దిగి అన్నీ మళ్లీ చూశాను. ఇరుసు, పట్టీల బోల్టులు, టైరులో గాలి, మెడ బేరింగు. లోపం లేదు. అదే మోరీ మీదుగా ఆ పక్కకూ ఈ పక్కకూ నడిపి వచ్చాను. బండి నిటారుగా పోయింది. అప్పుడు బావను నా నడకకు అందేంత నెమ్మదిగా పోనిమ్మని, వెనక పక్కగా నడుస్తూ ఆయన చేతులను చూశాను. గుంత వచ్చినప్పుడు కుడిచెయ్యి బిగుసుకుంది. ఎడమచేతి వేళ్లు పట్టు వదిలి తెరుచుకున్నాయి. ఒళ్లు బరువంతా కుడిచేతి మీద పడి ఆ పక్క హ్యాండిలు ముందుకు పోయింది; చక్రం ఎడమకు తిరిగింది.

బండి ఆపించి, నా వేళ్లను పట్టుకుని పిసకమన్నాను. కుడిచేత్తో పట్టినప్పుడు నాకు నొప్పి పుట్టింది. ఎడమచేతిది తడిగుడ్డ పట్టు.

"ఎప్పటి నుంచి బావా?"

"సలికాలం సంది."

"అక్కకు చెప్పలేదా?"

"జెప్తే? తాళంచెవి గుంజుకుంటరు, గంతేగద." ఆయన రోడ్డు పక్క రాతి మీద కూర్చున్నాడు. ఎడమచేతిని కుడిచేత్తో తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. నన్నే అడగడం మొదలుపెట్టాడు.

"నూనె కారుతుండె. అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"దారం సీలును కోసింది. అబద్ధమా?"

"కాదు."

"మరి గంతే జెప్పు బామ్మర్ది. గంత వరకే జెప్పు. నీ నోట అబద్ధం రాదని మా ఇంట్ల పిల్లికి గూడ ఎరుక. గందుకే నిన్ను పిలిపించిన. బండి ఖరాబుండె, బాగైంది అని నువ్వంటే, శ్రీశైలం మళ్లొక్క మాట అడగడు. ఇత్తనాలు పడేదాక. గంతే. ఆ తర్వాత నేనే ఇడిసిపెడ్త."

తాళంచెవి కోసం చెయ్యి చాచాను. కల్హేర్‌కు నేనే నడిపాను. కొత్త నూనె పోసిన ఫోర్కు గుంతలన్నిటినీ మెత్తగా మింగుతూ పోయింది. ఎన్నో ఏళ్లుగా నేను చేసిన మరమ్మతుల్లో ఇంత చక్కగా కుదిరినవి తక్కువ. అది కాస్త చెడిపోయి ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాము. అక్క ముందు దారం సంగతే అడిగింది. "నా దారం వల్లనేనా తమ్మి, గీ పరేషాన్ అంత?"

"దారం వల్ల సీలు తెగింది అక్కా."

"అయ్యో, నాదే తప్పు. ఇగ కట్ట. బండి బాగైంది గద, గది చాలు," అని ఆమె తప్పును ఎంతో సంతోషంగా నెత్తిన వేసుకుంది. జొన్నరొట్టెలు చేస్తూ రెండుసార్లు నవ్వింది. శ్రీశైలం వచ్చి కాళ్లు కడుక్కుని మా పక్కనే పీట వేసుకున్నాడు. అతనికీ తండ్రితో తగువు తీరిపోవాలనే ఉంది. ఆ ఇంట్లో నలుగురమూ ఆ తప్పు దారానిదే కావాలని కోరుకున్నాము.

"మామా, ఏం తేలింది? బాపుకు తాళంచెవి ఇయ్యాల్నా?"

బావ రొట్టె తుంచుతూ తల ఎత్తలేదు.

సీలు సంగతి చెప్పి అక్కడ ఆగిపోవచ్చు. అందులో ప్రతి మాటా నిజమే. కానీ ఆ మోరీ దగ్గర గొర్రెలకు బదులు బడి నుంచి వచ్చే పిల్లలు ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను అక్కడ ఆగనివ్వలేదు.

"బండిలో ఇప్పుడు ఏ లోపమూ లేదు," అన్నాను. "బావ ఎడమచేతిలో పట్టు లేదు. రేపే దవాఖానకు తీసుకుపోవాలి. డాక్టరు సరే అనేదాకా తాళంచెవి ఇవ్వకు."

అక్క పెనం మీది రొట్టెను తిప్పడం మరిచిపోయింది. మాడు వాసన వచ్చింది. శ్రీశైలం తండ్రి చెయ్యి వైపు చూసి, చూడనట్టు పక్కకు తిరిగాడు.

బావ నింపాదిగా నమిలి మింగాడు. "కొలత గిలాస తెచ్చుకోని వచ్చిండు గద," అన్నాడు. "కొలిచిండు. ఇగ రొట్టె వెయ్యవే."

మరునాడు ఉదయం ఏడింటికి అక్క, బావ, నేను కలిసి నారాయణఖేడ్ ఆటో ఎక్కాము. అంతకు ముందే వాకిట్లో శ్రీశైలం కౌలు గురించి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుండగా విన్నాను. అతని గొంతులోనూ ఉత్సాహం లేదు. ఆటోలో బావ ఎడమచెయ్యి కండువా కింద ఉంది. ఇక దాచవలసిన అవసరం లేకపోయినా అలవాటు పోలేదు. బస్టాండు దాకా నాతో వచ్చారు. దవాఖాన దాకా నేనూ వస్తానన్నాను. బావ వద్దన్నాడు.

"నీ బస్సు నిలవడ్డది. పో. జల్దీ పోతే కిటికీ దొరుకుతది."

కిటికీ దొరికింది. బస్సు కదిలేముందు బావ ఆ కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు.

"ఫోర్కు మంచిగ జేసినవు బామ్మర్ది," అన్నాడు. "కొన్నోడు సుఖపడ్తడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా అని జోగిపేట దాకా వెతికాను. లేదు. అదే నాకు బాధ. సాయిలు బావ ఏనాడూ పనిని పనిగా మెచ్చుకోవడంలో పిసినారితనం చూపలేదు. బయట అవే చేలు, అదే ఎండ. వచ్చేటప్పుడు వాన కోసం ఎదురుచూస్తున్నట్టు కనబడిన నల్లరేగడి, పోయేటప్పుడు విత్తే మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించింది. చేతిసంచిలో గాజు గ్లాసు సీసాకు తగిలి దారి పొడుగునా చప్పుడు చేసింది. రెంటి మధ్య గుడ్డ పెట్టాలని తెలుసు; సంచి విప్పబుద్ధి కాలేదు. పన్నెండు లోపు సంగారెడ్డి చేరాను.

తరవాతి సంగతులు అక్క ఫోనులో చెప్పింది. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందని, మందులు వాడాలని, బండి వద్దని డాక్టరు చెప్పాడట. పొలం కౌలుకు పోయింది. బండిని మాత్రం ఇంకా అమ్మలేదు. కొట్టంలో నిలిపి ఉంచారు. కదలకుండా నిలిపిన బండి ఫోర్కు సీళ్లు ఎండిపోతాయని, అప్పుడప్పుడు ముందు బ్రేకు పట్టి హ్యాండిలును నొక్కుతుండాలని శ్రీశైలానికి చెప్పి వచ్చాను. ఆ పని బావే చేస్తున్నాడట, రోజూ పొద్దున పొలానికి బయలుదేరే వేళకు. ముందు బ్రేకు కుడిచేతి వైపే కదా.

మళ్లీ అదే ప్రశ్న వస్తే నేను మళ్లీ అదే జవాబు చెప్తాను. కాని నర్సింలు షెడ్డులో, కొత్త సీలు కుదిరిన ఆ మధ్యాహ్నమే, చేతులు తుడుచుకుని సాయంత్రం బస్సు ఎక్కి ఉంటే ఆ ప్రశ్న నాదాకా వచ్చేది కాదు. ఆ సాయంత్రపు బస్సు నన్ను విడిచిపెట్టడం లేదు.

నేను రాసిన పనిక్రమంలో ఎక్కడైనా పొరపాటు ఉంటే, తెలిసినవారు సరిదిద్దగలరు. సీలు దింపే తీరు, నూనె కొలత, ఇరుసు బిగించే వరుస, దేంట్లో తప్పున్నా సంకోచం లేకుండా చెప్పండి. ముఖ్యంగా ఒక్క విషయం అడుగుతున్నాను. ఒక మనిషి నడిపితే కనబడకుండా, మరో మనిషి నడిపినప్పుడే కనబడే లోపం ముందు ఫోర్కులో ఏదైనా ఉంటే, నేను చూడవలసిన చోట చూడకపోయి ఉంటే, దయచేసి తెలియజేయండి. నా తప్పు ఒప్పుకోవడానికి కల్హేర్‌కు తెల్లవారే బయలుదేరతాను.